జ్వాలాపురము పేరును గూర్చి

నంద్యాలకు వచ్చు యాత్రికులు మహానందిని, యాగంటిని, బెలుం గుహలను చూచి మరలుదురు గాని జ్వాలాపురమును తలచువారు అరుదు. మొన్న గుంటూరు చుట్టములను ఆళ్లగడ్డ నుండి కోవెలకుంట్ల మీదుగా యాగంటికి తోడ్కొనిపోయి, అటుపిమ్మట ఆ యూరికిని కారు త్రిప్పించితిని. అచట అగ్నిపర్వతము పేలినదనియు, ఆ మంటల జ్ఞాపకమే ఊరికి పేరైనదనియు వారు దారిపొడవున నాకే బోధించిరి!

నిజమునకు జ్వాలాపురమున్న జుర్రేరు లోయలో కనబడు అగ్నిపర్వతపు బూడిద ఈ నేలలో పుట్టినది కాదు. సుమారు 74,000 సంవత్సరముల క్రిందట సుమత్రా దీవియందలి తోబా పర్వతము బ్రద్దలైనపుడు ఆకసమున కెగసి, సముద్రము దాటి వచ్చి ఇచట రాలి, వానలకు మెరకల నుండి కొట్టుకొనివచ్చి పల్లమున పేరినది. కొన్ని తావుల రెండు మీటర్లకు మించిన మందము గలదు. మైకేల్ పెట్రాగ్లియా, రవి కోరిశెట్టర్ మొదలగువారు 2007లో ‘సైన్స్’ పత్రికయందు, ఈ పొరకు క్రిందను పైనను ఒక్క తీరు రాతి పనిముట్లు దొరికినవని ప్రకటించి, ఆ యుపద్రవమును దాటి ఇచటి మనుజుడు నిలిచెనని వాదించిరి. ఆ పనిముట్లు చేసినది మనవంటివారా, మనకు ముందటి జాతియా యని పండితులు తర్కించిరి. ఆ తర్కము వారిది, పేరు సంగతి నాది.

ముత్తాత తండ్రి పేరు తడుముకొను మనము 74,000 ఏండ్ల నాటి మంటను గుర్తుంచుకొంటిమా? మా ఆళ్లగడ్డ వారికి జ్వాల యనగా అహోబిలమునందలి జ్వాలానరసింహుడే. ఆ స్వామి పేరిటనే ఊరు వెలసెనని నా పక్షము. శాసనము చూపుమని చుట్టములు పట్టుబట్టగా, నోరు మెదపక కారు దిగితిని.

గట్టు తెగిన చోట బూడిద తెల్లని గోడవలె నిలిచియున్నది. చిటికెడు తీసి అరచేత నలుపగా మొదట జొన్నపిండివలె మెత్తన, పిమ్మట సన్నని గరుకు, అది గాజు. ఆ గరుకే దీనికి చేటు తెచ్చినది. అంట్లు తోము పొడికి పనికివచ్చునని జనులు ఈ పొరను తవ్వి అమ్ముకొనిరి. వెంట వచ్చిన మా పెద్దమ్మ కొంచెము తీసి ఇత్తడి చెంబుపై రుద్దగా చెంబు తళతళలాడెను. “ఇంత మంచి పొడి నేలపాలు చేసి, కొట్లో కొంటున్నామే నాయనా!” అని ఆమె గుప్పెడు కొంగున ముడివేసుకొనెను.

పేరుకై అంతసేపు వాదించిన నేను, ఆ గుప్పెడు తిరిగి పోయుమని మాత్రము అడుగలేకపోతిని.