గాజుతో చేసిన సముద్రం – దాన్ని కాపాడే కష్టం

ఈసారి మన వలస కథ కాదు, దూరదేశపు సంగతి. తాతతండ్రుల పనితనం మీద గౌరవం ఉన్నవాళ్ళం గనుక మనకు నచ్చుతుందని రాస్తున్నాను.

కాలేజీ ల్యాబులో స్పిరిటు సీసాలు చూసిన వాళ్ళకు తెలుసు. చేపను, పీతను అందులో వేస్తే ఆకారమైనా నిలుస్తుంది. ఎముక లేని జెల్లీచేప రంగంతా పోయి, తెల్లటి ముద్దయి అడుగున కూర్చుంటుంది. 19వ శతాబ్దంలో మ్యూజియాలకు ఇదే పెద్ద చిక్కు. సముద్రం చూడని పిల్లలకు సముద్రపు జీవిని ఎట్లా చూపించేది?

దీనికి దారి చూపినవాడు లియోపోల్డ్ బ్లాష్కా. 1822లో బొహీమియాలో, అంటే ఇప్పటి చెక్ దేశంలో, గాజుపని చేసే ఇంట్లో పుట్టాడు. నగలకు గాజు సామాను, మనుషులకు గాజు కళ్ళు చేసేవాడు. 1850లో కలరాతో భార్య పోయింది, 1852లో తండ్రి పోయాడు. మనసు బాగాలేక 1853లో అమెరికాకు ఓడ ఎక్కాడు. గాలి లేక తెరచాప ఓడ నడిసముద్రంలో రెండు వారాలు ఆగిపోయింది. అప్పుడు రాత్రిళ్ళు నీళ్ళలో మిణుకుమిణుకుమనే జీవులను చూసి బొమ్మలు గీసుకున్నాడు.

1863లో డ్రెస్డెన్ మ్యూజియం వాళ్ళు సీ అనిమోన్ బొమ్మలు చేయమన్నారు. పువ్వులా విచ్చుకునే ఆ జీవిని మా అరవ పుస్తకాల్లో కడల్ సామంది అంటారు, ఎంత చక్కని పేరో! మొదట పుస్తకాల్లోని బొమ్మలు చూసి చేశాడు. తరువాత ఇంట్లోనే తొట్లలో బతికున్న జీవులను పెంచి, చూసి చేశారు. చేశారు అంటున్నాను, ఎందుకంటే 1876 నుంచి కొడుకు రుడాల్ఫ్ కూడా కలిశాడు. సహాయానికి పనివాళ్ళు లేరు, శిష్యులు లేరు. గాజు కడ్డీని దీపం మంటలో కరిగించి, లాగి, వంచి, వేలికొసంత జీవికి కూడా వెంట్రుకల్లాంటి తీగలు పెట్టేవాళ్ళు. ఇద్దరూ కలిసి దాదాపు 10,000 బొమ్మలు చేశారంటారు. డబ్లిన్ మ్యూజియం 500కి పైగా కొన్నది. 1885లో అమెరికాలోని కోర్నెల్ యూనివర్సిటీ సుమారు 570 తెప్పించుకున్నది.

పార్సిల్ ఆఫీసులో పనిచేసినవాడిని గనుక ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. 1887లో హార్వర్డ్ యూనివర్సిటీకి వీళ్ళు పంపిన మొదటి గాజు పువ్వులు అమెరికా కస్టమ్స్‌లో విరిగిపోయాయి. ముక్కలు చూసే అక్కడివాళ్ళు మురిసిపోయారు! 1890 నుంచి తండ్రీకొడుకులు హార్వర్డ్‌కు పువ్వులు మాత్రమే చేసే ఒప్పందం చేసుకున్నారు. సముద్రజీవుల పని అక్కడితో నిలిచిపోయింది. లియోపోల్డ్ 1895లో పోయాడు. రుడాల్ఫ్‌కు బిడ్డలు లేరు, ఎవరికీ నేర్పలేదు. 1939లో ఆయనతో ఆ చేతిపని పోయింది.

తరువాత నీళ్ళ అడుగున ఫోటోలు, సినిమాలు వచ్చాయి. గాజు బొమ్మలకు పని లేకపోయింది. చాలాచోట్ల పెట్టెల్లో, గోదాముల్లో పడి దుమ్ముపట్టాయి, విరిగాయి.

ఇప్పుడు వాటిని బాగుచేసేవాళ్ళ కష్టం చూడండి. బొమ్మ గాజు కదా, నీళ్ళు పోసి కడుగుదాం అంటే కుదరదు. అందులో గాజు ఒక్కటే లేదు. రంగులు, మైనం, కాగితం, రాగితీగ, జంతువుల తోలూ ఎముకలూ ఉడికించి తీసిన బంక, అన్నీ ఉన్నాయి. తడి తగిలితే రంగు పోతుంది, అతుకు ఊడుతుంది. మెత్తని కుంచెతో ఒక్కొక్క తీగ చుట్టూ దుమ్ము తీయాలి. గాలిలో తేమ పెరిగితే బంక ఉబ్బుతుంది. ఎండితే బిగుసుకుని గాజునే లాగి విరుస్తుంది.

గాజుకూ రోగం ఉంటుంది. కరిగించేటప్పుడు ఇసుకలో కలిపే క్షారం పాలు సరిగా లేకపోతే, ఏళ్ళు గడిచేకొద్దీ గాలిలోని తేమకు అది పైకి వస్తుంది. గాజుకు చెమట పట్టినట్టు ఉంటుంది. తరువాత సాలెగూడులా సన్నని బీటలు వస్తాయి. వచ్చిన బీటను పోగొట్టే మందు లేదు. అలమారలో తేమ ఎక్కువా తక్కువా కాకుండా ఒకే మట్టాన ఉంచి, రోగం ముదరకుండా చూడటమే.

అన్నిటికంటే పెద్ద తలనొప్పి పాత రిపేర్లు. ఎప్పుడో ఎవరో మంచి మనసుతోనే జిగురు పూసి అతికించారు. అది పసుపుపచ్చగా మారింది, కొన్నిచోట్ల తీగను తప్పు చోట అతికించారు. అందుకే ఇప్పటివాళ్ళు పారలాయిడ్ బి-72 అనే జిగురు వాడతారు. రేపు ఇంకా మంచి పద్ధతి వస్తే దాన్ని అసిటోన్‌తో కరిగించి తీసేయవచ్చు. రాలిన ముక్క చిన్నదైనా పారవేయరు, ఏ బొమ్మదో తేలేవరకు భద్రం చేస్తారు. పోయిన తీగకు బదులు కొత్తది చేసి పెట్టాలా, వద్దా? దీని మీద వాళ్ళలోనే వాదం ఉంది. నా మట్టుకు పెట్టకపోవడమే మేలు అనిపిస్తుంది. కొత్తది పెడితే ఏది బ్లాష్కా చెయ్యి, ఏది మన చెయ్యి అని రేపు ఎవరు చెబుతారు?

ఇంత పాటు దేనికి అనేవాళ్ళకు ఒక మాట. కోర్నెల్‌లో డ్రూ హార్వెల్ అనే సముద్ర శాస్త్రవేత్త, ఈ గాజు బొమ్మలను చేతిలో లెక్కగా పెట్టుకుని, అసలు జీవులు ఇప్పటి సముద్రంలో ఉన్నాయా అని వెతుక్కుంటూ వెళ్ళింది. ఆ సంగతులు 2016లో పుస్తకంగా వచ్చాయి. 150 ఏళ్ళ కిందటి సముద్రానికి ఈ బొమ్మలు ఒక రిజిస్టరు అన్నమాట. రిజిస్టరు చినిగితే ఏమవుతుందో నాలాంటి గుమాస్తాకు ఎవరూ చెప్పనక్కరలేదు.

మన సభ్యుల బిడ్డలు చాలామంది అమెరికాలో ఉన్నారు. బోస్టన్ పక్కకు వెళ్తే హార్వర్డ్ మ్యూజియంలో గాజు పువ్వులు చూసి, వాటితోనే వచ్చేయకండి. సముద్రజీవులు కూడా అక్కడ సుమారు 430 ఉన్నాయి, అడిగి చూడండి. చూసినవాళ్ళు ఫోటో ఇక్కడ పెడితే సంతోషం.