వాన తప్పినప్పుడల్లా తెరుచుకున్న అంగళ్లు

అనంతపురం పల్లెల్లో కొత్తగా అంగడి పెట్టినవాణ్ని కదిలిస్తే కథ ఎండిపోయిన బోరు దగ్గరే మొదలవుతుంది. రెండో బోరు, మూడో బోరు, వాటి అప్పు, ఆ తర్వాత టీ బంకో, కుట్టుమిషనో, ఉగ్గాని బజ్జీల బండో. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దరిదాపు వాన, అదీ అదను తప్పి. రెండు రుతుపవనాలూ ఇక్కడికొచ్చేసరికి ఉడిగిపోతాయి. అందుకే ఈ మెట్టసీమలో సొంత వ్యాపారం పెట్టడం ఎవరికీ కొత్త కాదు, కరువే అందరిచేతా పెట్టిస్తుంది. పెట్టింది నిలబెట్టుకోవడం ఎట్లా అన్నదే రెండొందల ఏళ్లుగా తేలని లెక్క.

1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి దత్తం చేశాడు. ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 దాకా ఇక్కడ ఉన్నాడు. ఆయన రైత్వారీ శిస్తు గురించి చదవనివారు లేరు. మగ్గం మీదా, అంగడి మీదా కూడా మొహతర్ఫా అనే పన్ను ఉండేదని మాత్రం తక్కువమందికి తెలుసు. పొలం లేనివాడు చేతిపనితో బతుకుదామన్నా సర్కారు వాటా తప్పేది కాదు. 1871లో మద్రాసు, బొంబాయి రైలుమార్గం కలిసింది. ఆ దారిలోని తాడిపత్రి, గుత్తి, గుంతకల్లులో సరుకు బేరాలు పెరిగాయి. అయిదేళ్లు తిరిగేసరికి 1876-78 మహాకరువు ముంచుకొచ్చింది. అప్పటికి ఇందులో చాలా భాగం బళ్లారి జిల్లా. అనంతపురం జిల్లా ఏర్పడింది 1882లో. గింజల ధర పెరిగిన నాడు జనం మొట్టమొదట మానుకునేది గుడ్డ కొనడం. రైతు చేనులోనూ, నేతగాడు మగ్గంలోనూ ఒకే ఏడాది దెబ్బతిన్నారు.

ఇరవయ్యో శతాబ్దంలో జొన్న, కొర్ర పండిన చేలల్లోకి సెనక్కాయ వచ్చింది. ఒక దశలో జిల్లాలో ఎనిమిది లక్షల హెక్టార్ల దాకా అదే పంట. దాని వెంబడి కాయ ఒలిచే మిల్లులు, నూనె మిల్లులు, కమీషన్ మండీలు లేచాయి. లాభం మండీలో, నష్టం చేనులో మిగిలాయి. వానలు వరసగా తప్పేసరికి ఆ మిల్లుల్లోనూ ఎన్నో మూతపడ్డాయి.

ధర్మవరం దగ్గర కాస్త ఆగాలి. ఈ సీమ పేరును పెళ్లిళ్ల దాకా మోసుకెళ్లిన ఊరది. నేతన్న కాళ్లు గుంతలో పెట్టుకుని కూర్చుని తొక్కుడు చెక్కలు మారుస్తుంటాడు. నెత్తిమీద జకార్డు అట్టలు ఒక్కొక్కటీ కదులుతుంటాయి. పక్కన ఇంటామె కండెలు చుడుతుంటుంది. పోగు తెగితే మగ్గం ఆగిపోతుంది. రెండు కొనలూ వేళ్ల మధ్య నులిమి అతికితేగాని మళ్లీ సాగదు. పడుగు ఒక రంగు, పేక ఇంకొక రంగు కావడంతో చీర మడత తిప్పితే రంగు మారుతుంది. ఊరంతా వాన కోసం ఆకాశం చూసే ఈ సీమలో ముసురు పట్టిందంటే గుంత మగ్గం ఉన్న ఇంటికి దిగులు. గుంతలో చెమ్మ ఊరుతుంది, పడుగు బిగువు తప్పుతుంది, పని నిలిచిపోతుంది.

ధర్మవరంలో కూలి మగ్గం ఉంది, సొంత మగ్గం ఉంది. కూలి మగ్గానికి షావుకారు పట్టు, జరీ ఇస్తాడు, నేసిన చీరకు కూలి కట్టిస్తాడు. సొంత మగ్గం పెట్టినవాడు ముడిపట్టు, సూరత్ నుంచి వచ్చే జరీ డబ్బు పెట్టి కొనుక్కోవాలి, చీరను మాత్రం అంగడికి అరువు మీద ఇవ్వాలి. ఆ డబ్బు చేతికొచ్చేలోపు పట్టు ధర పెరుగుతుంది. రెండో పడుగుకు అప్పు, మూడో పడుగుకు ఆ అప్పుకు వడ్డీ. ధర్మవరం నుంచి వచ్చిన నేతన్నల ఆత్మహత్యల వార్తల వెనక ఈ లెక్కే ఉంది. మరమగ్గాలు చేనేత రకాలు నేయకుండా పార్లమెంటు 1985లో చట్టం చేసింది. ధర్మవరం చీరకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మరమగ్గం చీర మాత్రం ఆ పేరుతోనే అమ్ముడుపోతూనే ఉంది. చట్టం చేసి అమలు వదిలేయడం నేతన్నకు చేసిన ద్రోహమని నేను నమ్ముతాను.

ధర్మవరం పక్కనే నిమ్మలకుంట. తరతరాలుగా రాత్రంతా తోలుబొమ్మలాట ఆడిన కుటుంబాలు అక్కడివి. సినిమా, టీవీ వచ్చాక చూసేవాళ్లు కరువయ్యారు. వాళ్లు ఆ మేకతోలునూ ఆ ఉలినీ వదలకుండా దీపపు గొడుగులు, గోడకు వేలాడే బొమ్మలు చేయడం మొదలుపెట్టారు. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. పనితనం తమది, సరుకు తమది, ఊరూరా ప్రదర్శనలకు వెళ్లి అమ్మేదీ తామే. అందుకే ఆట తగ్గినా ఊరు నిలబడింది. రాయదుర్గం దారి వేరు. చీరలు నేసిన ఊరు బళ్లారి జీన్స్ బేరం చూసి కుట్టుమిషన్లకు మారింది. బళ్లారి బేరం తగ్గిన రోజు ఇక్కడ మిషన్లు ఆగుతాయి.

ఆడవాళ్ల పొదుపు సంఘాలది ఇంకో అధ్యాయం. డ్వాక్రా 1982లో మొదలైంది. చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో పుట్టిన టింబక్టు కలెక్టివ్ సంస్థ పల్లె ఆడవాళ్లచేత సొంత డబ్బు కూడబెట్టించింది. 1995 నాటి పరస్పర సహాయ సహకార చట్టం ఆ సంఘాలకు సర్కారు పెత్తనం లేని దారి చూపింది. 2008లో వచ్చిన ధరణి సహకార సంఘంలో రైతులే వాటాదార్లు. వాళ్ల కొర్రలు, సెనక్కాయలు వాళ్ల సంఘమే కొని, శుభ్రం చేసి, పొట్లం కట్టి అమ్ముతుంది. మండీ తీసుకునే వాటా ఊరు దాటకుండా ఆగింది. ఇదే కాలంలో వారం వారం వాకిట్లో కూర్చుని వసూలు చేసే మైక్రోఫైనాన్స్ అప్పులూ వచ్చాయి. ఆ వేధింపులు శ్రుతిమించాక 2010 అక్టోబరులో రాష్ట్రం ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. ఒకే ఊళ్లో, ఒకే ఆడమనిషికి రెండు రకాల డబ్బు దొరికింది. తాను దాచుకున్నది అంగడిని నిలిపింది, వారం అప్పు అంగడిని తినేసింది.

పెనుకొండ పక్కన కియా ఫ్యాక్టరీ 2019లో కార్లు బయటికి పంపింది. చుట్టూ మెస్సులు, అద్దె గదులు, పంక్చర్ అంగళ్లు లేచాయి. 2022 ఏప్రిల్‌లో ఆ పెనుకొండ, ధర్మవరం, హిందూపురం శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయాయి. అనంతపురం పట్నంలో మాత్రం సాయంకాలమైతే ఓళిగలు కాల్చే అంగళ్ల ముందు జనం నిలబడే ఉంటారు. పూర్ణం ఉండ అరచేతిలో పరిచి, పెనం మీద నెయ్యి చుట్టూ జార్చి, కాగితంలో చుట్టి చేతికిస్తారు. సరుకు ఆ పొద్దుటిది, డబ్బు ఆ క్షణంలోదే. అక్కడ అరువు లేదు.

ధర్మవరం నేతన్నకు అందనిది ఆ రొక్కం ఒక్కటే. ఈసారి ఇంట్లో పెళ్లికి పట్టుచీర కావాలంటే ధర్మవరం వెళ్లండి. మగ్గం చప్పుడు వినిపించే ఇంటి గడప ఎక్కి, నేసినవాళ్ల చేతినుంచే చీర తీసుకుని, డబ్బు అక్కడే, ఆ రోజే ఇచ్చి రండి.