చిప్ మాటను ఎంతవరకు నమ్మాలి?

మదర్‌బోర్డు మీద వేలిగోరంత చిప్ ఒకటి ఉంటుంది. పేరు టీపీఎం. రహస్య తాళాలను తన లోపలే దాచుకుంటుంది. యంత్రం ఏ సాఫ్ట్‌వేర్‌తో మొదలైందో గుర్తుపెట్టుకుంటుంది. దాంతో మాట్లాడే డ్రైవర్ 2005 జూన్‌లో విడుదలైన 2.6.12 లినక్స్ కెర్నెల్‌లో చేరింది. రాసింది ఐబీఎం ఇంజనీర్లు.

అప్పటికి కెర్నెల్ లోకమే జాగ్రత్తపడుతోంది. 2003లో ఎస్‌సీఓ సంస్థ ఐబీఎం మీద దావా వేయడంతో, లినక్స్‌లోని కోడ్ అసలు ఎవరిదన్న ప్రశ్న లేచింది. మరుసటి ఏడాదే ప్రతి పాచ్ (కోడ్ మార్పు) అడుగున 'సైన్డ్-ఆఫ్-బై' అంటూ పంపినవారు పేరు పెట్టాలన్న నియమం వచ్చింది. 2005 ఏప్రిల్‌లో కోడ్ మార్పుల చరిత్రను దాచే గిట్ పుట్టింది. ఏ వరుస ఎవరు మార్చారో, ఎవరి చేతుల మీదుగా లోపలికొచ్చిందో ఇక చెరగకుండా మిగులుతుంది. భద్రతా చిప్ డ్రైవర్‌కు ఇంతకంటే మంచి కాలం దొరకదు.

మొదట్లో రివ్యూలో ప్రశ్నలు సాదాసీదావి: చిప్ జవాబిస్తోందా, ఎంతసేపు ఆగాలి? అక్కడే మొదటి పాఠం. ఎంతసేపు ఆగాలో చిప్పే చెప్పాలి, అదీ మైక్రోసెకన్లలో. కొన్ని చిప్‌లు మిల్లీసెకన్లలో చెప్పాయి. డ్రైవర్ ఆ అంకె మరీ చిన్నదైతే వెయ్యితో హెచ్చవేసుకోవడం నేర్చుకుంది. ఇలాంటి పాచ్‌లో మారేది నాలుగు వరుసలే, వివరణ మాత్రం పేరాలకు పేరాలు. అది చాదస్తం కాదు. ఏ చిప్‌లో ఏం జరిగింది, ఏ పాత మార్పు వల్ల చెడింది (దానికి 'ఫిక్సెస్' వరుస వేరే ఉంది), ఎవరు పరీక్షించారు అన్నవి లేకపోతే, చేతిలో ఆ చిప్ లేని సమీక్షకుడు దేన్ని చూసి ఒప్పుకోవాలి?

టీపీఎం 2.0కు మద్దతు 2015లో 4.0 కెర్నెల్‌తో వచ్చింది. చిప్ లోపల చోటు తక్కువ. పలు ప్రోగ్రాములు ఒకేసారి వాడబోతే ఒకదాన్నొకటి తోసుకునేవి. 2017లో 4.12 కెర్నెల్ ఆ సర్దుబాటును తనే తలకెత్తుకుంది.

2023 నాటికి అనుమానం చిప్ మీదికే మళ్లింది. ఏఎండీ ప్రాసెసర్లలో విడి చిప్‌గా కాక ఫర్మ్‌వేర్‌గా నడిచే టీపీఎంను యాదృచ్ఛిక సంఖ్యల కోసం అడిగిన ప్రతిసారీ కొన్ని యంత్రాలు తడబడి ఆగేవి. మొదట కొన్ని ఫర్మ్‌వేర్‌లకే వర్తించే పాచ్ వేశారు. ఫిర్యాదులు ఆగలేదు. లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ విసుక్కున్నారు. చివరికి ఏఎండీ ఫర్మ్‌వేర్ టీపీఎంలన్నిటిలో ఆ వాడకాన్నే ఆపేశారు. నా దృష్టిలో ఆ మొదటి పాచ్ కంటే ఈ మొరటు పాచే మెరుగు: ఏ ఫర్మ్‌వేర్ మంచిదో జాబితా రాసుకుంటూ పోవడం డ్రైవర్ పని కాదు.

2024లో 6.10 కెర్నెల్ ఇంకో మెట్టెక్కింది. చిప్‌కూ ప్రాసెసర్‌కూ మధ్య తీగల మీద చెవిపెట్టి తాళాలు దొంగిలించడం సాధ్యమేనని పరిశోధకులు అప్పటికే చూపించారు. అందుకే ఆ సంభాషణనే గుప్తీకరించారు. ఫలితం? కొందరి యంత్రాలు బూట్ కావడానికి బాగా ఆలస్యం చేశాయి. ప్రతి ఆదేశానికీ కొత్త సెషన్ తెరవకుండా, ఉన్నదాన్నే అవసరమైనంతవరకు నిలిపి ఉంచే పాచ్‌లు తర్వాత చేరాయి. వాటిని చదివేటప్పుడు భద్రతతోపాటు గడియారాన్నీ చూడాల్సి వచ్చింది.