బొంబాయి సినిమా, మా జజ్బాత్

1995 ఎండాకాలం. నేను ఇంటర్ పరీక్షలు రాసి బోయిన్‌పల్లి గల్లీల్లో ఖాళీగా తిరుగుతున్న రోజులు. ఎక్కడ చూసినా రెహమాన్ పాటలే. చాయ్ హోటల్లో, ఆటోలో, పక్కింటి తమిళోళ్ల టేప్‌రికార్డర్‌లో. వాళ్లింట్లో వైరముత్తు తమిళంలో మోగుతుంటే, మా ఇంట్లో వేటూరి తెలుగులో. గోడ అవతల 'ఉయిరే', ఇవతల 'ఉరికే చిలకా'. ధున్ ఒకటే కాబట్టి కొట్లాట లేదు.

తమిళోళ్లు మా దగ్గరికి ఎట్లా వచ్చారంటే, అది పాత కథ. 1798లో నిజాం అంగ్రేజీలతో ఒప్పందం చేసుకున్నాక మద్రాసు ఫౌజు ఇక్కడికొచ్చింది. 1806లో సికందర్ జా పేరు మీద సికింద్రాబాద్ అయింది. ఫౌజు వెనక కాంట్రాక్టర్లు, వంటవాళ్లు, గుమాస్తాలు వచ్చారు. ఫౌజు మారినా వాళ్లలో చాలామంది ఇక్కడే ఉండిపోయారు. అందుకే కంటోన్మెంట్ ఏరియాలో ఒకే గల్లీలో సాంబారు వాసనా, ఖట్టీ దాల్ వాసనా కలిసి వస్తాయి. మణిరత్నం తీసిన 'బొంబాయి' మాకు పరాయి సినిమా అనిపించలేదు. అసలు అది మా గల్లీ సినిమాలాగే ఉందని, చూడకముందే అనుకున్నాం.

కథ మీకు తెలిసిందే. తమిళనాడులో సముద్రం ఒడ్డున ఒక ఊరు. శేఖర్ జర్నలిజం చదువుకున్న హిందూ అబ్బాయి, షైలా బానో ముస్లిం అమ్మాయి. గాలికి ఆమె నఖాబ్ లేస్తుంది, అతని పని అయిపోతుంది. ఇద్దరు నాన్నలూ అడ్డం తిరిగితే బొంబాయి పారిపోయి రిజిస్టర్ పెళ్లి చేసుకుంటారు. కవల పిల్లలు పుడతారు. ఆ తర్వాత 1992 డిసెంబర్ 6 వస్తుంది, బొంబాయి తగలబడుతుంది. ఆ ఫసాద్‌లలో దాదాపు 900 మంది పోయారని తర్వాత శ్రీకృష్ణ కమిషన్ లెక్క చెప్పింది. అందులో 575 మంది ముస్లింలు, 275 మంది హిందువులు.

మేం టికెట్ల కోసం పైసలు పోగుచేసుకుంటుంటే ఖబర్ వచ్చింది. జంటనగరాల్లో 'బొంబాయి' ఆడకూడదని హుకుం. 1955 నాటి సినిమాల నియంత్రణ చట్టం, సెక్షన్ 8 ప్రకారం. కారణం? కొందరి మనోభావాలు దెబ్బతింటాయట. ఆ కొందరు అంటే మేమే అని ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. మా అబ్బా అఖ్బార్ మడిచి పక్కన పెట్టి, "నా జజ్బాత్ సంగతి నన్నెవరూ అడగలేదే!" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గాని, అందులో కొంచెం చేదుంది.

సర్కారుకు ఖౌఫ్ ఎందుకుందో అర్థం కాదని అనను. 1990 డిసెంబర్ ఎవరు మర్చిపోతారు? పాతబస్తీలో కర్ఫ్యూ, ఖూన్‌ఖరాబా. చార్మినార్ దగ్గర మా చాచా వాళ్లు రోజుల తరబడి పాలు లేకుండా ఉన్నారు. బొంబాయిలోనూ ఈ సినిమా మీద కొన్ని ముస్లిం సంస్థలు గొడవ చేశాయి. ఆ జులైలో మద్రాసులో మణిరత్నం ఇంటి మీద బాంబులు విసిరారు, ఆయనకు గాయాలయ్యాయి. ఇవన్నీ నిజాలు. కానీ ఖౌఫ్ వేరు, సబూత్ వేరు.

పంపిణీదారులు శ్రీ రాఘవేంద్ర ఫిలిమ్స్ వాళ్లు హైకోర్టుకెళ్లారు. అదాలత్‌లో బయటపడ్డ సంగతి ఏమిటంటే, సినిమా ఆపమని దస్తఖత్ పెట్టిన అధికారులు సినిమా చూడనే లేదు! సెన్సార్ బోర్డు కమిటీ కూర్చుని, చూసి, సర్టిఫికెట్ ఇచ్చింది. వీళ్లు చూడకుండా ఆపేశారు. శాంతిభద్రతలు చెడతాయనడానికి తగిన ఆధారం చూపకుండా ఇట్లా ఆపడం కుదరదని కోర్టు ఆ హుకుంను కొట్టేసింది. ఈ ఫైసలాను సినిమా కేసుల్లో ఇప్పటికీ వకీళ్లు ఎత్తి చూపుతారు. మా హైదరాబాదీలకే ఎక్కువగా గుర్తులేదు.

సినిమా చూశాక నాకు కోపం రాలేదా అంటే, వచ్చింది. కాకపోతే సర్కారు భయపడిన చోట కాదు. దాటి వచ్చే పిల్ల ఎప్పుడూ ముస్లిం పిల్లే ఎందుకవుతుంది? అబ్బాయి ముస్లిం, అమ్మాయి హిందువు అయితే ఆ సినిమా థియేటర్ దాకా వచ్చేదా? ఈ సవాల్ నేను చూసిన ముప్పై ఏళ్ల సినిమాల్లో ఇంకా అట్లాగే ఉంది. కానీ అదే సినిమాలో ఒక కమాల్ కూడా ఉంది. హిందూ నాన్న వేషం వేసింది నాజర్, ముస్లిం నాన్న బషీర్ వేషం వేసింది కిట్టి. మజహబ్‌లు తారుమారు చేసి ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టాడు మణిరత్నం. బషీర్‌ది ఇటుకల వ్యాపారం. అయోధ్యకు పంపడానికి రాముడి పేరున్న ఇటుకలు కావాలని నాజర్ అతన్నే అడుగుతాడు. ఆ సీన్ దగ్గర హాలంతా నవ్వింది, నాకు మాత్రం గొంతులో ఏదో అడ్డం పడ్డట్టయింది.

రిజిస్టర్ పెళ్లి ముచ్చట కూడా చెప్పాలి. సినిమాలో అది చిటికెలో అయిపోతుంది. 1954 స్పెషల్ మ్యారేజ్ చట్టం ప్రకారమైతే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. దాన్ని ఆఫీసులో అందరికీ కనబడేలా పెడతారు. మా ఖాలా బిడ్డ, నేను ఆపా అని పిలిచేది, మా వెనక గల్లీ తమిళ అబ్బాయిని ఇష్టపడింది. సినిమా వచ్చిన రెండేళ్లకు ఇద్దరూ కలిసి నోటీసు ఇచ్చారు. పదో రోజుకే మొహల్లాలో ఎవరో ఆ కాగితం చదివి ఖాలూకు చేరేశారు. ఆ రాత్రి మా ఖాలా ఇంట్లో జరిగింది ఇక్కడ రాయను. మిగిలిన ఇరవై రోజులూ ఆపా ఒక స్నేహితురాలి ఇంట్లో దాక్కుంది. పెళ్లయితే అయింది గాని ఖాలూ మళ్లీ ఆమెతో మాట్లాడలేదు.

సినిమాలో మనవల్ని చూడ్డానికి ఇద్దరు నాన్నలూ బొంబాయి వస్తారు. పోట్లాడుకుంటూనే దగ్గరవుతారు, చివరికి ఒకే ఇంటి మంటల్లో పోతారు. చాలా ఏళ్ల తర్వాత కేబుల్ టీవీలో అది వస్తుంటే ఆపా ఇంట్లోనే కూర్చుని చూస్తున్నాం. నాన్నలిద్దరూ గడప దగ్గర నిలబడ్డ సీన్ వచ్చింది. ఆపా లేచి వంటింట్లోకి పోయింది, చాయ్ పెడతానని. పొయ్యి వెలిగించిన చప్పుడు మాత్రం చాలాసేపు వినబడలేదు.