మునగాల పరగణా – రైతు రుణదృష్టి (1930–1945)

తెలుగు సాహిత్య చరిత్రలో నడిగూడెం పేరు రాజా నాయని వెంకట రంగారావు విద్యాపోషణతోను, ఆయన దివాను కొమర్రాజు లక్ష్మణరావు కృషితోను ముడిపడి ఉంది. అదే గ్రామం మునగాల జమీందారీకి కేంద్రం. చుట్టూ నిజాం రాజ్యం ఉన్నా ఈ పరగణా మద్రాసు రాష్ట్రంలోని కృష్ణా జిల్లాకు చెందింది. పొలిమేర దాటితే నాణెం మారేది: ఏడు హాలీ రూపాయలు సుమారు ఆరు కల్దార్లకు సమానం. రుణచట్టమూ అక్కడే మారేది. 1929 నాటి మాంద్యం నుంచి కోలుకునే దశలో అప్పు పట్ల రైతు దృష్టి ఎలా మారిందో మద్రాసు రాష్ట్ర నేపథ్యంలో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

మాంద్యంలో ధాన్యం ధర సుమారు సగానికి పడిపోయింది. శిస్తు, వడ్డీ మాత్రం తగ్గలేదు. పాత బాకీకే రెట్టింపు గింజలు కొలవవలసి వచ్చింది. రాష్ట్ర గ్రామీణ రుణాన్ని బ్యాంకింగ్ విచారణ సంఘం 1930లో 150 కోట్ల రూపాయలుగా అంచనా వేయగా, 1935లో సత్యనాథన్ నివేదిక దానిని 200 కోట్లుగా లెక్కించింది. 1931 సెప్టెంబరులో బ్రిటన్ బంగారు ప్రమాణాన్ని విడిచిపెట్టాక బంగారం ధర పెరిగింది. దేశమంతటా ఇళ్లలోని నగలు అమ్మకానికి వచ్చాయి. నగ అలంకారం మాత్రమే కాదు, ఆపద్ధనం కూడా అని ఆ కాలం రుజువు చేసింది.

ధరలు కొంత కుదుటపడ్డాక, రాజాజీ మంత్రివర్గం 1938లో వ్యవసాయదారుల రుణ విముక్తి చట్టం తెచ్చింది. 1932 అక్టోబరు 1కి ముందటి అప్పులపై 1937 అక్టోబరు 1 నాటికి పేరుకున్న వడ్డీ రద్దయింది. అసలుకు రెట్టింపు చెల్లించి ఉంటే అప్పు పూర్తిగా తీరినట్లే. అప్పు తీర్చడం ధర్మమన్న భావన పక్కన, న్యాయంగా తీర్చవలసినది ఎంత అన్న ప్రశ్న నిలిచింది. దాదాపు అదే కాలంలో నండూరి ప్రసాదరావు వంటి నాయకులతో సాగిన మునగాల రైతు ఉద్యమం వెట్టి, అక్రమ వసూళ్ల విషయంలో జమీందారును అడిగిందీ ఇటువంటి ప్రశ్నే.

అయితే చట్టం దృష్టిలో వ్యవసాయదారుడు కావాలంటే భూమిపై హక్కు ఉండాలి. భూమిలేని కూలీకి అందులో చోటు లేదు. యుద్ధకాలపు ధరలు ఈ వ్యత్యాసాన్ని మరింత పెంచాయి. నారాయణస్వామి నాయుడు 1946 నివేదిక ప్రకారం రాష్ట్ర గ్రామీణ రుణం 1939లో 272 కోట్లు. 1945 నాటికి 218 కోట్లకు తగ్గింది. ఆ తగ్గుదల ప్రధానంగా భూస్వాములది, రైతులది. వ్యవసాయ కూలీల అప్పు పెరిగింది. అమ్ముకోవడానికి గింజలున్నవారికి ధరల పెరుగుదల రుణవిముక్తి అయింది. కొనుక్కు తినేవారికి అదే కొత్త అప్పుకు కారణమైంది. కనుక రుణదృష్టిలో వచ్చిన మార్పును గ్రామమంతటికీ ఒకటిగా చెప్పడం సరికాదు. అప్పును ప్రశ్నించే ధైర్యం, తీర్చే వెసులుబాటు రెండూ భూమి హక్కును అనుసరించే వచ్చాయి.