గేర్‌బాక్స్ అరిగిందా? విడిభాగం కొనే ముందు ఇవి తెలుసుకోండి

మల్కాజిగిరి: పాత స్పోర్టీ కారు ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొనాలన్నది చాలామంది కుర్రాళ్ల సరదా. హోండా సిటీ వీటెక్, ఫోర్డ్ ఫియస్టా 1.6, ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ లాంటివి కొత్తలో అందని ధర. ఇప్పుడవి ఇంటి బడ్జెట్‌లోకి వచ్చాయి. అసలు చిక్కు కొన్నాక మొదలవుతుంది. ఉప్పల్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో నాలుగు రోజులు తిరిగేసరికి సెకండ్ గేర్ వేస్తుంటే 'కర్ర్'మంటుంది. గ్యారేజీకి తీసుకెళ్తే "బాక్స్ పోయింది భాయ్, మొత్తం మార్చాలి" అన్న మాట వినబడుతుంది. కారు కొన్న ధరలో పెద్ద భాగం అక్కడే పోతుందేమోనని ఇంట్లో గొడవ.

నిజానికి మాన్యువల్ గేర్‌బాక్స్ ఒక్కసారిగా మొత్తం పాడవడం తక్కువ. అందులో ముందుగా అరిగేవి కొన్ని చిన్న భాగాలే. ఏది అరిగిందో తేల్చుకుని, దానికి సరైన విడిభాగం వేయిస్తే చాలా బాక్సులు ఇంకా ఏళ్ల తరబడి పనిచేస్తాయి.

ముందు అరిగేవి ఏవి?

సింక్రోనైజర్ రింగ్: గేర్ మార్చేటప్పుడు వేర్వేరు వేగాల్లో తిరిగే రెండు భాగాలను ఒకే వేగానికి తెచ్చేది ఇదే. చాలా కార్లలో ఇది ఇత్తడి రింగ్. కొన్నింటిలో లోపల కార్బన్ పొర ఉంటుంది. ఎక్కువగా మార్చే సెకండ్, థర్డ్ గేర్ల రింగులు ముందు అరుగుతాయి.

స్లీవ్, హబ్: గేర్‌ను పట్టి ఉంచే పళ్లు వీటికే ఉంటాయి. ఆ పళ్ల అంచులు గుండ్రంగా అరిగితే యాక్సిలరేటర్ వదిలినప్పుడు గేర్ దానంతట అదే బయటికి వచ్చేస్తుంది.

బేరింగులు: షాఫ్టులను మోసేవి ఇవి. అరిగితే గుంయ్‌మనే మోత వస్తుంది, బండి వేగంతో పాటు పెరుగుతుంది.

ఆయిల్ సీళ్లు, లింకేజ్ బుష్‌లు: ఇవి చవకైనవే. సీల్ పోతే బండి కింద నూనె చుక్కలు పడతాయి. బుష్ అరిగితే గేర్ రాడ్ వదులుగా ఊగుతుంది, ఏ గేర్ పడిందో తెలియదు.

బాక్స్ విప్పకముందే తేల్చుకోండి

ఒక్క గేర్‌లోనే శబ్దం వచ్చి మిగతావి నున్నగా పడుతుంటే, అనుమానం ఆ గేర్ సింక్రో రింగ్ మీదే. అన్ని గేర్లూ కష్టంగా పడుతూ, ఇంజిన్ ఆపితే మాత్రం తేలిగ్గా పడుతుంటే, తప్పు చాలావరకు గేర్‌బాక్స్‌ది కాదు. క్లచ్ పూర్తిగా విడవడం లేదన్నమాట. అప్పుడు క్లచ్ కేబుల్, మాస్టర్ సిలిండర్, స్లేవ్ సిలిండర్, ప్రెషర్ ప్లేట్ చూడాలి.

న్యూట్రల్‌లో మోత వచ్చి క్లచ్ నొక్కితే ఆగిపోతే ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్‌ను అనుమానించాలి. క్లచ్ నొక్కినప్పుడే మోత మొదలైతే అది రిలీజ్ బేరింగ్. ఈ రెండు పరీక్షలకు రూపాయి ఖర్చు లేదు. గ్యారేజీకి వెళ్లే ముందు మీరే చేసి, చూసినది ఉస్తాద్‌కు చెప్పండి.

బాక్స్ విప్పాక కూడా కంటితో చూసి "బాగానే ఉంది" అనుకుంటే సరిపోదు. సింక్రో రింగ్‌ను గేర్ కోన్ మీద నొక్కి, రెండింటి మధ్య సందును ఫీలర్ గేజ్‌తో కొలవాలి. కొత్త రింగ్‌కు చాలా కార్లలో ఈ సందు సుమారు 1 మిల్లీమీటరు ఉంటుంది, అరిగేకొద్దీ తగ్గుతుంది. ఎంతకు తగ్గితే మార్చాలో ఆ కారు వర్క్‌షాప్ మాన్యువల్‌లో ఉంటుంది. కొలత చూపించమని అడగడం మీ హక్కు.

కౌంటర్ మీద దొరికే 4 రకాల మాల్

రాణిగంజ్, పుత్లీబౌలి స్పేర్ పార్ట్స్ దుకాణాల్లో ఒకే భాగానికి నాలుగు రేట్లు చెబుతారు. తేడా ఇదీ.

మొదటిది కంపెనీ మాల్, అంటే కారు కంపెనీ పెట్టెలో వచ్చేది. ధర ఎక్కువే అయినా కొలతల్లో తేడా ఉండదు.

రెండోది, కారు కంపెనీలకు సరఫరా చేసే తయారీదారులు తమ సొంత పేరుతో అమ్మేది. క్లచ్‌లలో వాలియో, లూక్, ఎక్సెడీ, బేరింగుల్లో ఎస్‌కేఎఫ్, ఎన్‌బీసీ, టిమ్కెన్ ఇలాంటివి. బేరింగులు, సీళ్లు, క్లచ్ సెట్లకు ఇవి నిశ్చింతగా వాడవచ్చు. బేరింగ్ మీద చెక్కిన నంబరు పాతదానితో పూర్తిగా కలవాలి. చివరి అక్షరాలను కూడా వదలొద్దు.

మూడోది ఇతర కంపెనీలు చేసే ఆఫ్టర్‌మార్కెట్ మాల్. ఇందులో మంచివీ ఉన్నాయి, నాసిరకమూ ఉన్నాయి. సింక్రో రింగులు, గేర్ల విషయంలో ఇక్కడ జాగ్రత్త తప్పదు. కార్బన్ పొర ఉన్న రింగ్ స్థానంలో మామూలు ఇత్తడి రింగ్ పెట్టొద్దు. అరిగిన గేర్ కోన్ మీద కొత్త రింగ్ వేసినా ఫలితం ఉండదు. గేర్ మార్చాల్సి వస్తే దానితో కలిసి తిరిగే జత గేర్‌ను కూడా మార్చడం మంచిది. పాత పళ్ల మీద కొత్త పళ్లు ఒరుసుకుని మోత పెడతాయి.

నాలుగోది సెకండ్ హ్యాండ్ మాల్, అంటే తుక్కు కార్ల నుంచి తీసినది. షెవర్లే 2017తో మన దేశంలో అమ్మకాలు ఆపేసింది. ఫోర్డ్ 2021లో ఇక్కడ తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. ఇలాంటి కార్లకు కొన్ని భాగాలు కొత్తవి దొరక్క ఇదే దారి కావచ్చు. అయితే బిల్లు లేని గేర్‌బాక్స్ కొనకండి. దొంగ సొత్తు అని తెలిసి గానీ, అలా నమ్మడానికి కారణం ఉండి గానీ కొంటే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 317 కింద నేరం.

ఇవి కాక కంపెనీ పేరు దొంగిలించి అమ్మే నఖ్లీ మాల్ ఉంది. ముద్రణ మసకగా ఉండటం, పార్ట్ నంబరు తేడా, ఎమ్మార్పీ లేకపోవడం దాని గుర్తులు. తప్పుడు ట్రేడ్‌మార్క్‌తో అమ్మితే 1999 ట్రేడ్‌మార్క్‌ల చట్టం ప్రకారం 6 నెలల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50,000 నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా ఉన్నాయి.

నూనె దగ్గర పొరపాటు వద్దు

కొత్త రింగులు వేయించి, ఏదో ఒక గేర్ ఆయిల్ పోయిస్తే డబ్బు వృథా అవుతుంది. జీఎల్-5 రకం నూనెలో ఎక్కువ ఒత్తిడి తట్టుకోవడానికి కలిపే గంధకం, ఫాస్ఫరస్ పదార్థాలు కొన్ని రకాల్లో ఇత్తడిని తినేస్తాయి. పైగా జారుడు ఎక్కువై రింగ్‌కు పట్టు దొరకదు. చాలా మాన్యువల్ బాక్సులకు జీఎల్-4 సరైనది. హోండా తన కార్లకు సొంత ఎంటీఎఫ్ ఆయిల్ వాడమంటుంది. మీ కారు పుస్తకంలో ఏది రాసి ఉంటే అదే పోయించండి.

మెకానిక్ హక్కు, మీ హక్కు

మన కుటుంబాల్లో ఎంతోమందికి మెకానిక్ పనే జీవనాధారం. వారికి కంపెనీ విడిభాగాలు దొరక్కుండా చేయడంపై 2011లో ఒక ఫిర్యాదు భారత పోటీ కమిషన్ ముందుకు వెళ్లింది. 2014 ఆగస్టులో కమిషన్ 14 కార్ల కంపెనీలకు సుమారు 2,545 కోట్ల రూపాయల జరిమానా వేసింది. విడిభాగాలు బయటి మార్కెట్‌లో కూడా అమ్మాలని, బయటి మెకానిక్ దగ్గర పని చేయించినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దు చేయరాదని చెప్పింది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. 2016 డిసెంబరులో అప్పీలు ట్రిబ్యునల్ మూడు కంపెనీల విషయంలో తప్పు జరిగిందన్న నిర్ణయాన్ని నిలబెట్టి, జరిమానా మాత్రం తగ్గించింది.

బిల్లు సంగతి కూడా గుర్తుంచుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి అన్ని ఆటో విడిభాగాల మీద జీఎస్టీ 18 శాతమే. అంతకుముందు గేర్‌బాక్స్ భాగాలకు ఇది 28 శాతం. "బిల్లు లేకుంటే తగ్గిస్తా" అన్న మాటకు లొంగితే, భాగం వారానికే విరిగినా మీ చేతిలో ఆధారం ఉండదు. బిల్లు ఉంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. పరిష్కారం కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. 5 లక్షల రూపాయల లోపు కొన్న వస్తువుపై కేసుకు అక్కడ ఫీజు లేదు.

పని ఒప్పుకునే ముందు

• ఏ భాగం మారుస్తారో, ఏ రకం మాల్ వేస్తారో, కూలీ ఎంతో కాగితం మీద రాయించుకోండి.
• తీసిన పాత భాగాలు తిరిగి ఇవ్వమని ముందే చెప్పండి.
• బాక్స్ దించడానికే కూలీ ఎక్కువ. కాబట్టి దించినప్పుడే సీళ్లు, రిలీజ్ బేరింగ్ మార్పించి, క్లచ్ ప్లేట్ కూడా చూపించుకోండి.
• పని అయ్యాక ఉస్తాద్‌ను పక్కన కూర్చోబెట్టుకుని అన్ని గేర్లలో, రివర్స్‌తో సహా నడిపి చూశాకే మిగతా డబ్బు ఇవ్వండి.