రైఫిల్ వెనకాల చెక్క: ఒక్క పాయింట్ ఎక్కడ పోతుంది?

మన భిక్నూర్ నుంచి ఇంకో ఎపిసోడ్. ఈసారి టాపిక్ స్టాక్. షేర్ మార్కెట్ అనుకుని వచ్చినోళ్లకు సారీ, ఇది తుపాకీ స్టాక్. భుజానికి ఆనించి, చెంప పెట్టి, చేత్తో పట్టుకునే భాగం మొత్తం. మనం ‘బట్’ అంటాం గానీ, అది దాని వెనక కొస మాత్రమే.

ముందు స్కోర్లు చూడండి. 2012 లండన్ ఒలింపిక్స్, 10 మీటర్ల ఎయిర్ రైఫిల్. రొమేనియా మోల్దొవేనుకు 702.1, గోల్డ్. ఇటలీ కాంప్రియానికి 701.5. మన హైదరాబాద్ గగన్ నారంగ్‌కు 701.1, బ్రాంజ్. 70 షాట్లు కాల్చాక గోల్డ్‌కు, బ్రాంజ్‌కు తేడా ఒక్కటే పాయింట్. అంతకుముందు 2008 బీజింగ్‌లో నారంగ్ 595 కొట్టి కూడా ఫైనల్‌కు పోలేదు. స్కోరు సమానమైనా కౌంట్‌బ్యాక్‌లో 9వ స్థానం, ఫైనల్ మాత్రం 8 మందికే.

ఆ పాయింట్ ఎక్కడ పోతుంది? బీటెక్ బుద్ధి కదా, లెక్క వేద్దాం. ముందు సైటుకు, వెనక సైటుకు మధ్య దూరం 70 సెంటీమీటర్లు అనుకోండి. చెంప కొంచెం పక్కకు ఆని, రెండు సైట్ల వరసలో 0.1 మిల్లీమీటర్ తేడా వచ్చింది. 10 మీటర్ల దూరంలో అది దాదాపు 1.4 మిల్లీమీటర్లు అవుతుంది. అంటే 10.9 పడాల్సిన చోట 10.4 పడుతుంది. పది రింగు సైజే 0.5 మిల్లీమీటర్, పెన్ను చుక్కంత! కంటి చూపు ఎంత బాగున్నా, ప్రతిసారీ చెంప అదే చోట ఆనకపోతే ఏం లాభం లేదు. ఆ పని చేసేది స్టాకే.

మన దగ్గర పాత తోడా తుపాకుల స్టాక్ సన్నగా, నిటారుగా ఉండేది. ఇనుము కథ వేరే, నిజామాబాద్ దిక్కు కోనసముద్రం ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవాళ్లు, దానికి ఇంకో ఎపిసోడ్ కావాలె. చెక్కను మనిషి ఒంటికి తగ్గట్టు మలిచే పిచ్చి బాగా ముదిరింది జర్మనీ, స్విట్జర్లాండ్ టార్గెట్ షూటర్ల దగ్గర. 19వ శతాబ్దంలోనే వాళ్ల రైఫిళ్లకు ఎత్తైన చెంప దిమ్మ, చంకలోకి పట్టే కొక్కెం లాంటి బట్ ప్లేట్, అరచేతికి ఆనే గుండు ఉండేవి. 1856లో మొదలైన అన్షుట్జ్ కంపెనీ యుద్ధం తర్వాత ఉల్మ్ నగరానికి మారి ఈ దారినే పట్టింది. వాల్‌నట్ చెక్క పోయి పొరలు అతికించిన చెక్క, తర్వాత అల్యూమినియం వచ్చాయి. కారణం సింపుల్: చెక్క తేమకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది, దాంతో ఇనుము మీద ఒత్తిడి మారి గురి జరుగుతుంది. చెక్క స్టాక్ చేసేవాళ్లు అందుకే ఇనుము కూర్చునే గాడిలో ఎపాక్సీ పోసి, స్క్రూల చుట్టూ అల్యూమినియం గొట్టాలు దించుతారు.

కస్టమ్ స్టాక్‌ను ముందు చెక్క మీద మొదలుపెట్టరు, మనిషి మీద మొదలుపెడతారు. నిలబడి కాల్చేటప్పుడు ఎడమ మోచెయ్యి నడుము ఎముక మీద ఆనుతుంది. తల వంగకుండా రైఫిలే కంటి ఎత్తుకు రావాలె. మెడ పొడవు, భుజం వెడల్పు, అరచెయ్యి సైజు కొలుస్తారు. గ్రిప్‌కు పుట్టీ పెట్టి చెయ్యి అచ్చు తీసి, ఆరాక ఆకురాయితో రాస్తారు. చెక్కినా, రాసినా మొత్తం బరువు 5.5 కిలోలు దాటొద్దు, అది రూల్. నాకైతే ఇది కొత్తగా అనిపించలేదు. మన ఊళ్లో వడ్లాయన నాగలికి మేడి పెట్టేటప్పుడు రైతు ఎత్తు చూసే పెట్టేవాడు. గొడ్డలి కామ కూడా పట్టుకునేటోడి చెయ్యిని బట్టే.

అసలు నొప్పి డబ్బు దగ్గర. నారంగ్‌కు రైఫిల్ కొనడానికి ఇంట్లోవాళ్లు ఉన్న ప్లాట్ అమ్మారన్నది చాలా మందికి తెలిసిన సంగతే. క్లబ్ రైఫిల్‌తో నేర్చుకునే పిల్లలకు సొంత స్టాక్ ఎక్కడిది? పొడుగు మనిషికి సెట్ చేసిన రైఫిల్‌ను పన్నెండేళ్ల అమ్మాయి పట్టుకుంటే నడుము వెనక్కి వంచి, మెడ సాగదీసి కాలుస్తుంది. స్కోరు రాకపోతే ‘ఏకాగ్రత లేదు’ అని ఆమెనే అంటారు. అలాంటప్పుడు ముందు బట్ ప్లేట్ దగ్గరి స్పేసర్లు తీసి పొడవు తగ్గించాలి. తర్వాత చెంప దిమ్మ ఎత్తు మార్చాలి. చాలా టార్గెట్ రైఫిళ్లకు ఇది అలెన్ కీతో పది నిమిషాల పని.